అరిగింది ప్లేటు.. బిల్లు గేర్‌బాక్సుకు!

కాసిమేడు చేపల రేవు, పోర్టు జీరో గేటు, ఎన్నూరు హైరోడ్డు. ఈ మూడింటి నడుమ బతికే రాయపురానికి క్లచ్ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. చెన్నై పోర్టుకు వచ్చిపోయే కంటైనర్ లారీలు గంటల తరబడి నత్తనడక నడిచే దారి ఇది. లారీకి క్లచ్ జారడం మొదలైతే ఏం చేయాలో ఉత్తర చెన్నై మెకానిక్‌కు కొట్టిన పిండి. గేర్‌బాక్స్ దింపుతాడు. ప్లేటు బయటికి తీసి చూస్తాడు. లైనింగ్ అరిగితే కొత్త లైనింగ్ వేసి రివెట్లు కొట్టిస్తాడు. ప్రెజర్ ప్లేటు బాగుంటే దాన్నే మళ్లీ బిగిస్తాడు, రిలీజ్ బేరింగ్ అరుస్తుంటే దాన్ని మారుస్తాడు. బిల్లులో అరిగిన వస్తువు ధర ఉంటుంది, చేసిన పనికి కూలి ఉంటుంది, అంతే. అదే దారిలో వెళ్లే స్పోర్ట్స్ కారుకు అదే జబ్బు చేస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. చాలాసార్లు ప్లేటు విడిగా దొరకదు, మొత్తం అసెంబ్లీ కొనమంటారు. కొన్ని కార్లలో గేర్‌బాక్సే మార్చాలంటారు. విప్పడానికి వీల్లేదంటారు, విప్పినా కంపెనీ సాఫ్ట్‌వేర్ లేనిదే బండి కదలదంటారు. లక్షల్లో పలికే ఆ బిల్లును చూసి, ‘ఖరీదైన కారు కాబట్టి ఖరీదైన రిపేరు’ అని సరిపెట్టుకోవడం మనకు అలవాటైంది. ఆ సరిపెట్టుకోవడం దగ్గరే పొరపాటు ఉంది. ఈ బిల్లులో అరుగుదలకు పడుతున్న ధర చిన్నది. విడిభాగాన్ని విడిగా అమ్మకపోవడం, విప్పే పద్ధతిని బయటపెట్టకపోవడం అనే రెండు నిర్ణయాలకే అసలు ధర పడుతోంది. నిర్ణయాలు మనుషులు తీసుకున్నవి కాబట్టి వాటిని మార్చవచ్చు కూడా.

ముందు అరుగుదల సంగతి. ఇంజిన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి. ఈ రెండింటినీ కుదుపు లేకుండా కలపడానికి క్లచ్ ప్లేటు కాసేపు జారాలి. ఆ జారుడులోనే వేడి పుడుతుంది, ఆ వేడికే లైనింగ్ అరుగుతుంది. సుమారు 1,500 కిలోల కారు సమతలం మీద నిలుచున్న చోటి నుంచి గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకునేదాకా క్లచ్ జారుతూనే ఉందనుకుందాం. ఇంజిన్ వేగం స్థిరంగా ఉంటే, కారుకు ఎంత చలనశక్తి వచ్చిందో అంత శక్తీ క్లచ్‌లో వేడిగా ఖర్చవుతుంది. లెక్క వేస్తే అది సుమారు 23 కిలోజౌల్స్. అదే కారు 10 కిలోమీటర్ల వేగానికే పూర్తిగా పట్టు అందుకుంటే ఆ వేడి ఆరు కిలోజౌల్స్ కూడా ఉండదు. అంటే వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి మొదటి గేరు పొడవుగా ఉంటుంది, అంటే తక్కువ వేగంలో ఆ గేరు పూర్తిగా పట్టుకోదు. ఖాళీ రోడ్డు మీద పరుగెత్తడానికి అనువైన ఈ ఏర్పాటు లారీల వెనక అడుగడుగునా ఆగి కదిలే చోట క్లచ్‌ను తినేస్తుంది. లారీకి మొదటి గేరు ఇందుకు విరుద్ధంగా చాలా పొట్టిది, కొద్ది జారుడుతోనే చక్రం కదులుతుంది. ట్రాఫిక్‌లో కుటుంబ కారు కంటే స్పోర్ట్స్ కారు క్లచ్ త్వరగా అరగడానికి నడిపేవాడి తప్పు ఒక్కటే కారణం కాదు. నిర్మాణంలోనే ఆ బలహీనత ఉంది. దీనికి తోడు రాయపురం లాంటి చోట సముద్రపు గాలి. ఆదివారం మాత్రమే బయటికి తీసే కారులో ఫ్లైవీల్ ముఖం మీద తుప్పు పడుతుంది, ప్లేటు దానికి అతుక్కుపోతుంది. ఎక్కువ నడిపినా అరుగుతుంది, ఎక్కువ నిలబెట్టినా పాడవుతుంది.

అరిగే వస్తువు అరగడం సహజం. టైరు అరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. మోటారు ఇన్సూరెన్స్ కూడా ఇదే మాట చెప్పి తప్పుకుంటుంది. ప్రమాదం జరిగితే పరిహారం ఉంటుంది కానీ, వాడకంలో వచ్చిన అరుగుదలకు, యంత్రం తనంతట తాను చెడిపోవడానికి పాలసీ వర్తించదు. వారంటీల్లో కూడా సాధారణంగా క్లచ్ లైనింగ్‌ను అరిగే వస్తువుల జాబితాలోనే వేస్తారు. కాబట్టి ఈ ఖర్చు నేరుగా యజమాని జేబులోంచే పోవాలి. అంతవరకు అభ్యంతరం లేదు. అయితే టైరు అరిగితే టైరు మారుస్తాం, చక్రమూ ఇరుసూ మార్చం. అరిగే వస్తువని చెప్పి వారంటీ నుంచి తప్పించిన కంపెనీయే ఆ అరిగే వస్తువును విడిగా అమ్మనంటే ఆ రెండు మాటలకూ పొసగదు. అరిగేదని ముందే తెలిసిన భాగాన్ని మార్చుకోవడానికి వీలుగా తయారుచేయడం, విడిగా అందుబాటులో ఉంచడం తయారీదారు బాధ్యతే అవుతుంది.

బిల్లు పెరగడానికి పన్నులే కారణమని సర్వీస్ సెంటర్లలో తరచూ వినిపించే మాట. రాయపురానికి దగ్గర్లోనే, రాజాజీ సాలైలోని కస్టమ్స్ హౌస్‌లో లెక్కతేలే విషయం కనుక ఆ లెక్క ఇక్కడే వేసి చూద్దాం. విదేశం నుంచి మన రేవుకు చేరేసరికి లక్ష రూపాయల విలువైన క్లచ్ అసెంబ్లీ ఒకటి ఉందనుకుందాం. దానిపై 15 శాతం కస్టమ్స్ సుంకం వేస్తే 15,000 రూపాయలు. ఆ సుంకం మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 1,500. మొత్తం 1,16,500 మీద ఐజీఎస్టీ పడుతుంది. కారు విడిభాగాల మీద ఆ పన్ను 2025 సెప్టెంబరు 21 దాకా 28 శాతం, మరునాటి నుంచి 18 శాతం. పాత రేటులో వస్తువు ధర 1,49,120 రూపాయలయ్యేది, ఇప్పుడు 1,37,470 అవుతుంది. పన్నులు బరువే, కాదనలేం. అయినా అవన్నీ కలిసి లక్ష వస్తువును లక్షా ముప్పై ఏడు వేలు చేస్తాయి తప్ప నాలుగు లక్షలో ఐదు లక్షలో చేయవు. జీఎస్టీ పది పాయింట్లు తగ్గినప్పుడు ఈ వస్తువు మీద మిగిలింది 11,650 రూపాయలు. అదే అసెంబ్లీలో నిజంగా అరిగిన రెండు ప్లేట్లను మాత్రమే కొనుక్కునే వీలుంటే మిగిలేది అంతకు ఎన్నో రెట్లు. పన్నును నిందించడం తేలిక, ఎందుకంటే అది రసీదులో కనిపిస్తుంది. ‘విడిగా ఇవ్వము’ అనే నిర్ణయానికి రసీదులో గడి ఉండదు.

ఇక కూలి. ఇంజిన్ ముందుండే మామూలు కారులో కింద నుంచి గేర్‌బాక్స్ దింపితే క్లచ్ కనిపిస్తుంది. ఇంజిన్ నడుమనో వెనకనో ఉన్న కార్లలో కొన్నింటికి వెనక సబ్‌ఫ్రేము, ఎగ్జాస్టు, ఇరుసులు విప్పాలి. కొన్నింటికి ఇంజిన్, గేర్‌బాక్స్ రెంటినీ కలిపి కిందికి దించాలి. పని ఎక్కువ, పనిముట్లు వేరు, కూలి ఎక్కువ కావడం న్యాయమే. ఇందులో వాదనకు తావు లేదు.

వాదన ఉన్నది రెండు పెడళ్ల స్పోర్ట్స్ కార్ల దగ్గర. 1997లో ఫెరారీ ఎఫ్355 కారుకు స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే ఏర్పాటు వచ్చింది. లోపల ఉన్నది మామూలు క్లచ్చే, దాన్ని కాలికి బదులు హైడ్రాలిక్ పంపు నొక్కుతుంది. 2003లో వచ్చిన లాంబోర్గినీ గయార్డో ఈ-గేర్‌ది కూడా అదే పద్ధతి. ఇలాంటి కార్లలో క్లచ్ ఎంత అరిగిందో కారు కంప్యూటరే చెప్పగలదు. కొత్త ప్లేటు బిగించాక అది ఎక్కడ పట్టుకుంటుందో ఆ కంప్యూటరుకు మళ్లీ నేర్పాలి. రెండు పనులకూ కంపెనీ సాఫ్ట్‌వేరు, దానికి తగిన పరికరం కావాలి. అంటే ప్లేటు మార్చడం వచ్చిన మెకానిక్ చేతిలో పని ఉన్నా, ఆ పని పూర్తిచేసే తాళంచెవి వేరొకరి దగ్గర ఉంటుంది. ఆ తర్వాత రెండు క్లచ్‌ల గేర్‌బాక్సులు వచ్చాయి. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో మొదలై 2008లో పోర్షే 911కు, అదే ఏడాది ఫెరారీ కాలిఫోర్నియాకు చేరాయి. ఒక క్లచ్ ఒకటి, మూడు, ఐదు గేర్లను, రెండోది రెండు, నాలుగు, ఆరు గేర్లను చూసుకుంటుంది. నడపడానికి హాయి, వేగానికి వేగం. వీటిలో నూనెలో మునిగి ఉండే రకం మామూలు డ్రై క్లచ్ కంటే వేడిని బాగా తట్టుకుంటుంది కూడా. ఇంజినీరింగ్‌గా ఇది గొప్ప ముందడుగు. కానీ ఈ ముందడుగుతో పాటే క్లచ్ అనే అరిగే వస్తువు గేర్‌బాక్స్ అనే అరగకూడని పెట్టె లోపలికి వెళ్లిపోయింది.

ఈ మార్పుకు అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం నిస్సాన్ జీటీ-ఆర్. 2007 చివర జపాన్‌లో అమ్మకాలు మొదలైన ఈ కారులో రెండు క్లచ్‌ల ఆరు గేర్ల పెట్టె వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. తొలినాళ్ల కార్లలో స్థిరత్వ నియంత్రణను ఆపేసి, ఇంజిన్‌ను నిమిషానికి దాదాపు 4,500 చుట్ల దగ్గర పట్టి ఒక్కసారి వదిలితే కారు బాణంలా దూకేది. ఆ దూకుడుకు కొన్ని గేర్‌బాక్సులు చెడ్డాయి. నియంత్రణ ఆపి నడిపితే వారంటీ వర్తించదని కంపెనీ చెప్పింది. కొత్త గేర్‌బాక్సుకు దాదాపు 20,000 డాలర్లవుతుందని అప్పట్లో అమెరికా పత్రికలు రాశాయి. పెట్టె లోపల ఒక క్లచ్ ప్యాకో ఒక బేరింగో ఒక సొలినాయిడో పాడైనా మొత్తం పెట్టె మార్చడమే తొలినాళ్లలో చూపిన దారి. ఆ తర్వాత జరిగిందే మనకు పాఠం. కంపెనీతో సంబంధం లేని గ్యారేజీలు ఆ పెట్టెను విప్పాయి. న్యూజిలాండ్‌కు చెందిన డాడ్‌సన్ మోటార్‌స్పోర్ట్ లాంటి సంస్థలు క్లచ్ ప్యాకులను విడిగా తయారుచేసి ప్రపంచమంతా అమ్మాయి. అవి కంపెనీ ప్యాకుల కంటే ఎక్కువ బలాన్ని మోయగలిగేవి కూడా. విప్పడం అసాధ్యమన్నది యంత్ర ధర్మం కాదని, అమ్మే పద్ధతి మాత్రమేనని ఇంతకంటే గట్టిగా రుజువు కావాలా? కంపెనీ కూడా 2009 నాటికి సాఫ్ట్‌వేరు మార్చి ఆ దూకుడును దాదాపు 3,000 చుట్లకు తగ్గించింది. తప్పంతా నడిపేవాడిదే అయితే యంత్రాన్ని సవరించాల్సిన అవసరం వచ్చేది కాదు.

మన దేశానికి ఈ కారు 2016 డిసెంబరులో వచ్చింది, ధర 1.99 కోట్లు. దానికోసం ప్రత్యేక సర్వీస్ కేంద్రాన్ని నోయిడాలో పెట్టారు. అప్పటి రెనో-నిస్సాన్ కర్మాగారం ఉన్నదేమో చెన్నై శివార్లలోని ఒరగడంలో. ఇక్కడి యజమాని తన కారు గేర్‌బాక్స్ మూత తెరిపించాలంటే రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం పంపాల్సి వచ్చేది. 2025 ఆగస్టులో జపాన్‌లో ఈ మోడల్ తయారీ ఆగిపోయింది. ఇకపై ఈ కార్లు నడిచేదీ నిలిచేదీ విడిభాగాలు ఎన్నాళ్లు దొరుకుతాయి, విప్పే విద్య ఎంతమందికి వస్తుంది అన్న రెండు విషయాల మీదే ఆధారపడి ఉంటుంది.

‘ఇదంతా కోటీశ్వరుల బాధ. రాయపురంలో చేపల బుట్ట మోసేవాళ్లకూ, ఆటో నడిపేవాళ్లకూ దీంతో ఏం పని?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఖరీదైన కారులో పుట్టిన ప్రతి ఏర్పాటూ కొన్నేళ్లకు మామూలు కారులోకి దిగుతుందన్నది దానికి జవాబు. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ మన దేశంలో 2013 నాటికే పోలో జీటీ టీఎస్‌ఐలో, ఎకోస్పోర్ట్‌లో ఉంది. ఇవి మధ్యతరగతి వాళ్లు అప్పు చేసి కొనుక్కున్న కార్లు. దిగివచ్చింది గేర్‌బాక్స్ ఒక్కటే కాదు, దాని తగాదాలు కూడా. 2013 మార్చిలో చైనాలో ఫోక్స్‌వాగన్ తన డీఎస్‌జీ గేర్‌బాక్సుల లోపం కారణంగా 3,84,181 కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ ఉన్న ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లు వణుకుతున్నాయని కొనుగోలుదార్లు మొరపెట్టుకుంటే, అది మీరు నడిపే తీరు వల్లేనని వాళ్లకు చెప్పారు. గేర్‌బాక్సులో నాణ్యతా లోపాలున్నాయని కంపెనీకి అప్పటికే తెలుసు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఆ మూడింటిలో ఒకటైన ఎకోస్పోర్ట్ మన మరైమలైనగర్‌లోనూ తయారైన కారే. క్లచ్ చెడితే మొదట డ్రైవరు కాలినే అనుమానించే అలవాటు ప్రతి సర్వీస్ కౌంటరు దగ్గరా ఉంది. హాఫ్ క్లచ్ మీద నడిపితే త్వరగా అరుగుతుందన్నది నిజమే. కానీ క్లచ్ పెడలే లేని కారులో, ఎంత జారాలో కంప్యూటరే నిర్ణయించే కారులో, తప్పు కాలిదని చెప్పడానికి ముందు ఆ కంప్యూటరు రికార్డు చూపించాలి. చూపించనప్పుడు ఆ మాటకు విలువ లేదు. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, మరుసటి ఏడాదికి మరైమలైనగర్ కర్మాగారం మూతపడింది. తయారుచేసినవాడు వెళ్లిపోయినా కారు ఇంటి ముందే ఉంటుంది. విప్పే విద్య ఊళ్లో మిగలకపోతే ఆ కారు ఇనుప ధరకు పోతుంది.

మామూలు కార్ల విషయంలో మన దేశమే ఒకసారి గట్టిగా తీర్పు చెప్పింది. విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదని ఒక వినియోగదారుడు 2011లో చేసిన ఫిర్యాదుతో మొదలైన కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టయోటా, ఫోర్డ్, నిస్సాన్, ఫోక్స్‌వాగన్, మెర్సిడెస్, బీఎండబ్ల్యూ అందరూ ఆ జాబితాలో ఉన్నవారే. మరుసటి ఏడాది ఇరుంగాట్టుకోట్టై హ్యుందాయ్ మీద విడిగా 420 కోట్లు పడింది. విడిభాగాల మీద నూరు శాతం నుంచి కొన్నింటిలో దాదాపు ఐదు వేల శాతం దాకా అదనంగా వేసుకున్నారని ఆ విచారణలో తేలింది. విడిభాగాన్ని నిజంగా తయారుచేసే చిన్న కంపెనీలు దాన్ని నేరుగా బజారులో అమ్మకుండా ఒప్పందాలతో కట్టేశారు. మరమ్మతు పుస్తకాలు, తనిఖీ పరికరాలు బయటి గ్యారేజీలకు ఇవ్వలేదు. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని బెదిరించారు. ఇవన్నీ మానుకోమని కమిషన్ ఆదేశించింది. అప్పిలేట్ ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో జరిమానా లెక్కను తగ్గించింది కానీ, తప్పు జరిగిందన్న నిర్ధారణను నిలబెట్టింది. ఆ కేసులో ఫెరారీ, లాంబోర్గినీ లేవు. స్పోర్ట్స్ కార్ల మార్కెట్టు చిన్నది కాబట్టి అటువైపు ఎవరూ చూడలేదు. అయితే కమిషన్ తప్పని తేల్చిన పద్ధతులు స్పోర్ట్స్ కార్ల రంగంలో ఇప్పటికీ మామూలు వ్యవహారంగా సాగుతున్నాయి.

భద్రత మాటేమిటి అన్నది ఇంకో అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయిదారు వందల హార్స్‌పవర్ల ఇంజిన్ వెనక ఉండే క్లచ్‌ను తెలియని చేతులు విప్పితే ప్రమాదమే. నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగే ప్రెజర్ ప్లేటు పగిలితే ముక్కలు గేర్‌బాక్స్ గోడను చీల్చుకొని రాగలవు. పుదుప్పేటలో పాత విడిభాగాల మధ్య ఏది అసలుదో ఏది నకిలీదో పోల్చుకోవడం అందరికీ సాధ్యం కాదు. లైనింగ్ మార్చే చిన్న షెడ్లలో పాతకాలపు ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు చేసే చెరుపు మరో సంగతి. అక్కడ పనిచేసే కుర్రాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడకుండా ‘లోకల్ రిపేరు చవక’ అనడం అన్యాయం. ఆ చవకలో వాళ్ల ఊపిరి ఖరీదు కలవలేదు. ఇదంతా ఒప్పుకుంటూనే అడగాల్సిన మాట ఒకటుంది. విద్య దాచిపెట్టడం వల్ల ఈ ప్రమాదాలు తగ్గుతాయా, పెరుగుతాయా? ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో పుస్తకంలో ఉంటే మెకానిక్ అంతే బిగిస్తాడు, లేకపోతే అంచనాతో బిగిస్తాడు. అసలు విడిభాగం దుకాణంలో దొరికితే నకిలీకి గిరాకీ పడిపోతుంది. తలుపులు మూసినకొద్దీ పని చీకటి షెడ్లలోకి పోతుంది తప్ప ఆగిపోదు.

పైగా ఈ ఊరికి చేతకాని విద్య కాదిది. అంబత్తూరులో మొదలైన రాణె బ్రేక్ లైనింగ్, పాడిలోని సుందరం బ్రేక్ లైనింగ్స్ రాపిడి పదార్థాల తయారీలో దశాబ్దాల అనుభవం ఉన్న సంస్థలు. రాణె వాళ్లు క్లచ్ ఫేసింగులు కూడా చేస్తారు. అమాల్గమేషన్స్ గ్రూపు ఇక్కడే క్లచ్‌లు తయారుచేస్తోంది. ఎన్నూరులో అశోక్ లేలాండ్, తిరువొత్తియూరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టి పెరిగాయి. ఉత్తర చెన్నై ఇళ్లలో తరతరాలుగా టర్నర్లు, ఫిట్టర్లు ఉన్నారు. వీరిలో తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ షోలవరం విమానాల పట్టీ మీద రేసులు నడిపిన రోజుల్లో, దిగుమతులు అందని కాలంలో, ఇక్కడి మెకానిక్కులు చేతికందిన భాగాలతోనే రేసు కార్లు కట్టారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో రాయపురానికి కొద్ది దూరంలోనే, ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల వీధి సర్క్యూట్‌లో ఫార్ములా 4 కార్లు రాత్రిపూట పరుగెత్తాయి. రేసు గ్యారేజీలో క్లచ్‌ను విప్పి, కొలిచి, అరిగినదాన్ని మాత్రమే మార్చి మళ్లీ బిగిస్తారు. అత్యంత కఠినంగా వాడే చోట సాధ్యమైనది వీధిలో తిరిగే కారుకు అసాధ్యమంటే నమ్మడం ఎలా? విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లకు మళ్లీ ప్రాణం పోసే చేతులకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. నేర్పితే నేర్చుకునే చేతులు మనకు కావలసినన్ని ఉన్నాయి.

ఇక మిగిలింది కంపెనీల వైపు నుంచి బలమైన వాదన. ఏడాదికి కొన్ని వేలు మాత్రమే అమ్ముడయ్యే కారుకు ప్రతి చిన్న భాగాన్నీ విడిగా తయారుచేసి, పెట్టెల్లో పెట్టి, దేశదేశాల గోదాముల్లో ఏళ్ల తరబడి నిల్వ ఉంచడం గిట్టుబాటు కాదంటారు. ఇందులో నిజముంది. లక్షల్లో అమ్ముడయ్యే చిన్న కారు క్లచ్ ధరకు స్పోర్ట్స్ కారు క్లచ్ రావాలని ఎవరూ అడగడం లేదు. బరువైన ప్లేట్లు, మేలైన లోహం, తక్కువ సంఖ్యలో తయారీ వల్ల ధర కొన్ని రెట్లు ఉండటం సహజమే. అయినా ఆ భాగాలను కారు కంపెనీ స్వయంగా తయారుచేయదు. చాలావరకు షాక్స్, లుక్, బోర్గ్‌వార్నర్ లాంటి సరఫరాదార్లు చేసి ఇస్తారు. అదే భాగాన్ని సొంత పేరుతో బజారులో పెట్టే వీలు వాళ్లకు ఉంటే నిల్వ భారం కారు కంపెనీ మీద పడదు. తయారు చేయలేనివాడు కనీసం కొలతలు బయటపెట్టవచ్చు, తయారుచేయగలిగినవాడు చేస్తాడు. మోడల్ తయారీ ఆపేశాక కూడా ఆ కొలతలను దాచి ఉంచడానికి వ్యాపార కారణం ఏముంటుంది? లాభం కోసం ధర పెంచితే కనీసం కొనేవాడు బేరమాడవచ్చు. అసలు అమ్మనంటే బేరానికే చోటు లేదు.

ప్రభుత్వం ఈ దిశగా కొంత కదిలింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలతో పాటు వాహనాలను కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ మొదలైంది. తర్వాత వస్తువు ఎంత తేలిగ్గా మరమ్మతు చేయవచ్చో చెప్పే సూచీ మీద పని జరిగింది కానీ, దాన్ని మొదట స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు పరిమితం చేశారు. ఫోనుకు సూచీ అవసరమే. కానీ మధ్యతరగతి కుటుంబం ఇల్లు తర్వాత అంత డబ్బు పోసి కొనే వస్తువు కారు. షోరూంలో మైలేజీ రాసి ఉన్నట్టే, క్లచ్ విడిగా మార్చవచ్చా లేదా, మార్చడానికి ఎన్ని పని గంటలు పడతాయి, భాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి అన్నవి కూడా రాసి ఉండాలి. ఈ నియమాన్ని స్పోర్ట్స్ కార్లతోనే మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం. అక్కడ కొనుగోలుదారుకు బలం ఉంది, లాయరు ఉన్నాడు, అడిగితే వినే మంత్రులున్నారు. వాళ్లు గెలుచుకున్న నియమం రేపు ఆటోకూ, ట్రాక్టరుకూ, ఎలక్ట్రిక్ స్కూటరుకూ వర్తిస్తుంది. వాళ్లే మౌనంగా బిల్లు కట్టేస్తే ఆ పద్ధతికి అడ్డు చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

నియమాలు వచ్చేదాకా పాఠకులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కారు ఏదైనా సరే, క్లచ్ మార్చాలని చెప్పినప్పుడు ఎస్టిమేట్‌ను ఒక్క మొత్తంగా ఒప్పుకోకండి. ప్రతి భాగానికీ పార్ట్ నంబరు, ధర, కూలి గంటలు వేరువేరుగా రాయించుకోండి. ఏ భాగం అరిగిందో, ఎంత అరిగిందో కొలిచి చూపించమనండి, కంప్యూటర్ రికార్డు ఉంటే దాని ప్రతి అడగండి. మొత్తం అసెంబ్లీ మార్చాలంటే ఎందుకు మార్చాలో రాతపూర్వకంగా ఇవ్వమనండి. మార్చిన పాత భాగాన్ని తప్పకుండా వెనక్కి తీసుకోండి. బయట చేయిస్తే వారంటీ మొత్తం రద్దవుతుందని ఎవరైనా అంటే, అలాంటి గంపగుత్త షరతు పెట్టొద్దని 2014లోనే కాంపిటీషన్ కమిషన్ ఆదేశించిందని గుర్తుచేయండి. అయినా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు.